ఈత నేర్పిన అమ్మమ్మ

యూనివర్సిటీ ప్రిపరేటరీ కోర్సు డైరెక్టరు గారి సముఖమునకు, అదే కోర్సు సైన్సు సెక్షన్ విద్యార్థిని వ్రాసుకొన్న అర్జీ.

విషయం: కాపీ వ్యాసం రాశాడని కోర్సు నుంచి తొలగించబడిన నా తమ్ముడి విచారణ మళ్లీ జరిపించుట గురించి, మరియు ఈ అర్జీని విద్యార్థి సహాయకుడి చేతనే పైకి చదివించుట గురించి.

అయ్యా,

పొద్దుటి నుంచి సన్నగా వాన పడుతోంది. క్లాసులు లేని పూట నేను, నా తమ్ముడు పనిచేసే మొక్కల నర్సరీలో లారీలకు ఎత్తే పని ఆగిపోయింది. మేస్త్రీ ఆవిడ అందరినీ గాజు కప్పు కిందికి పిలిచి నారు ట్రేల ముందు కూర్చోబెట్టింది. ఒక్కో గుంటలో రెండు మూడు మొలకలు ఉంటాయి. ఒకటి ఉంచి మిగతావి పీకెయ్యాలి. తిండి వేళ ఇచ్చిన విరామంలో, తిరగేసిన ట్రే మీద కాగితం పెట్టుకుని ఇది రాస్తున్నాను. మట్టి మరకలు ఉంటే మన్నించగలరు. వాటిని అనువదించనక్కర్లేదు.

1. ఈ అర్జీ తెలుగులో ఎందుకు రాశానన్నది ముందుగా విన్నవించుకుంటున్నాను. తమ ఆఫీసు గోడ మీద తమ సంతకంతో ఒక నోటీసు ఉన్నది. ఏ విద్యార్థి అయినా ఫిర్యాదు తన మాతృభాషలో రాయవచ్చునని, విచారణలో కాలేజీ అనువాదకుడు దాన్ని ఫిర్యాదుదారు ఎదుటే పైకి చదివి, వాక్యం వాక్యంగా ఇక్కడి భాషలో చెప్పవలెనని అందులో ఉన్నది. తెలుగుకు కాలేజీలో ఉన్న అనువాదకుడు ఒక్కడే. విద్యార్థి సహాయకుడూ ఆయనే. తెలుగు పిల్లలం ఆయన్ని పెద్దన్న అని పిలుస్తాం. నా ఫిర్యాదు ఆయన మీద.

ఇక్కడి భాషలో రాయలేక కాదు. తమ కోర్సు నాకు ఆ మాత్రం నేర్పింది. ఆయన నోటితో వినాలని. ఆయన చదివేటప్పుడు నేను ఎదురు కుర్చీలో కూర్చుంటాను. నాకు ఇప్పుడు రెండు భాషలూ వినబడతాయి.

2. నా తమ్ముడు మా పిన్ని కొడుకు. ఇద్దరం ఒకే ఇంట్లో పెరిగాం. వాడు ఆర్ట్సు సెక్షన్. ఈ కోర్సు ఉన్నదే బయటి దేశాల పిల్లల్ని ఇక్కడి చదువుకు అలవాటు చేయడానికి కాబట్టి, వాడు ఎలా అలవాటు పడ్డాడో చెప్పవలసి ఉన్నది. మొదటి రోజు టీచరు రాగానే లేచి నిలబడ్డాడు. టీచరు, ఎవరో పెద్దవాళ్లు వచ్చారనుకుని వెనక్కి తిరిగి చూసింది. నన్ను పేరు పెట్టి పిలవండి అన్నది. వాడికి నోరు రాలేదు. అందుకని అసలు పిలవడమే మానేసి, సందేహం వచ్చినప్పుడల్లా దగ్గేవాడు. దగ్గు ఎక్కువైందని ఆవిడ వాణ్ణి క్లినిక్కుకు పంపించింది. ఈ పాఠం మీద నీ అభిప్రాయం ఏమిటని అడిగితే పుస్తకంలో పేజీలు తిప్పాడు.

"ఏం వెతుకుతున్నావు?" అని ఆవిడ అడిగిందట.

"నా అభిప్రాయం ఏ పేజీలో ఉందోనని" అన్నాడట వీడు.

క్లాసంతా నవ్వింది. వాడు నవ్వించడానికి అనలేదు. మేం చదివిన బళ్లో పాఠం అప్పజెప్పినవాడు తెలివైనవాడు, సొంత మాట కలిపినవాడు సరిగ్గా చదవనివాడు. ఆ సంగతి ఈ గదిలో నాకు కాకుండా ఇంకొక్కరికే తెలుసు. ఆయన ఇప్పుడు ఈ వాక్యమే చదువుతున్నాడు.

3. ఆదివారాలు మా హాస్టల్ వంటగదిలో పెద్దన్న తెలుగు పిల్లలకు క్లాసు పెట్టేవాడు. స్టవ్ పక్కన నిలబడి చెప్పేవాడు. ఇంటి మాట వినబడుతుందని అందరం వెళ్లేవాళ్లం. ఒక ఆదివారం నా తమ్ముడి చేతిలో ఒక వ్యాసం పెట్టాడు.

"పరీక్షలో ఏటా ఇదే అడుగుతారు. నీ జీవితాన్ని మలిచిన మనిషి గురించి రాయమంటారు. ఇది ముక్క పోకుండా బట్టీ పట్టు."

"సొంతంగా రాయాలన్నారు కదా అన్నా?" అన్నాడు వాడు.

"అంటారు. పెళ్లిలో 'ఇంకొంచెం వేసుకోండి' అంటారు చూడు, అలాంటిదే. నేను ఇదే రాసి పాసయ్యాను. నీ సొంతం రాస్తే ఎవడు చదువుతాడ్రా?"

అందరం నవ్వాం. నేనూ నవ్వాను.

అన్నా, ఈ మాట నీదే. ఆపకుండా చదువు.

4. వాడు బట్టీ పట్టాడు. హాస్టల్ వరండాలో అటూ ఇటూ తిరుగుతూ చదివాడు. నర్సరీలో ట్రేలు మోస్తూ చదివాడు. మేస్త్రీ ఆవిడ నన్ను పక్కకు పిలిచి, మీవాడు ప్రార్థన చేసుకుంటున్నాడా, కాసేపు వదిలెయ్యమంటావా అని అడిగింది. పరీక్షలో ముక్క పోకుండా దింపాడు. చాలా బాగా రాశానని సాయంత్రం నాకు చెప్పాడు. వారం తిరక్కముందే తమ దగ్గర నుంచి కబురు వచ్చింది. ఇదే వ్యాసం పూర్వం ఇక్కడే ఎవరో ఇచ్చి ఉన్నారని, పాత వ్యాసాలతో పోల్చి కాపీ పట్టే యంత్రం పట్టుకున్నది. ఎవరిచ్చారో యంత్రం చెప్పలేదు. తమరూ అడగలేదు.

5. విచారణ నాడు జరిగినది. ఇంటివాళ్లు ఒకరు వెనక కూర్చోవచ్చు గాని మాట్లాడకూడదని నిబంధన. నేను తలుపు దగ్గర కుర్చీలో కూర్చున్నాను. తమరు, వ్యాసం దిద్దిన టీచరు, నా తమ్ముడు, వాడి పక్కన అనువాదకుడిగా పెద్దన్న ఉన్నారు. భయానికి వాడికి ఇక్కడి భాష ఒక్క ముక్క రాలేదు. తెలుగులోనే మాట్లాడాడు.

"పెద్దన్న ఇచ్చాడు సార్. ఆయన నేర్పించాడు, నేను అప్పజెప్పాను. తప్పని నాకు తెలీదు."

దీన్ని పెద్దన్న తమరికి ఇలా చెప్పాడు: "ఎక్కడో దొరికితే దొంగిలించానని ఒప్పుకుంటున్నాడు. క్షమించమంటున్నాడు."

తరవాత టీచరు అడిగింది: చిన్నప్పుడు నీకు ఈత నేర్పి, నీకు పదేళ్లు నిండకముందే పోయిందని రాశావే, ఆ అమ్మమ్మ సంగతి నిజమేనా?

వాడు అన్నాడు: "మా అమ్మమ్మ బతికే ఉంది మేడం. నాకు ఈత రాదు. అది పెద్దన్న వాళ్ల అమ్మమ్మ."

పెద్దన్న చెప్పినది: "జాలి పుట్టించడానికి అబద్ధం రాశానంటున్నాడు."

నేను చెయ్యి ఎత్తాను. తమరు అరచెయ్యి చూపించారు. మళ్లీ ఎత్తాను. మళ్లీ చూపించారు. తమ అరచేతి మీద నాకు కోపం లేదు, నిబంధన అది. ఆ చేతితోనే తమరు నా తమ్ముణ్ణి కోర్సు నుంచి తీసేస్తూ సంతకం చేశారు. కోర్సు పోతే ఇక్కడ ఉండే అనుమతి పోతుంది. ఈ బుధవారం దాటితే వాడు ఇక్కడ ఉండటానికి వీల్లేదు.

6. విచారణ అయ్యాక వరండాలో పెద్దన్నను పట్టుకున్నాను. నా తమ్ముడు మెట్ల దగ్గర గోడ వైపు తిరిగి నిలబడి ఉన్నాడు.

"అన్నా, వాడు చెప్పిందేంటి, నువ్వు చెప్పిందేంటి?"

"మెల్లగా మాట్లాడమ్మా. వాడి మేలుకే అలా చెప్పాను. ఒప్పుకుంటే వదిలేస్తారు ఇక్కడ."

"వదల్లేదుగా."

"అది వాడి రాత."

"రాత నీది. వాడు చూడకుండా దింపాడంతే."

ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "నా ఉద్యోగం పోతే నీకేం వస్తుంది చెప్పు? నాకు పెళ్లాం పిల్లలు ఉన్నారు. మీవాడికేం, కుర్రాడు, వెళ్లి ఇంకోటి చదువుకుంటాడు. కొంచెం అడ్జస్ట్ అవ్వాలమ్మా. నిన్ను చెల్లెల్లా చూశాను."

"ఇక చూడకు" అన్నాను.

ఆయన బ్యాగులోంచి తువ్వాలు తీసి భుజాన వేసుకుని ఈత కొలనుకు వెళ్లిపోయాడు.

7. ఇంటికి ఫోన్ చేసి చెప్పవలసి వచ్చింది. పిన్ని ఏడ్చింది. ఫోన్ అమ్మమ్మ లాక్కున్నది. ఆవిడ వాడికీ నాకూ ఒక్కతే అమ్మమ్మ. స్పీకర్ పెట్టి ఉన్నందున ఇద్దరం విన్నాం.

"ఏరా, నన్ను చంపావంట?"

"నేను కాదే అమ్మమ్మా. కాగితంలో అలా ఉంది."

"కాగితంలో ఉంటే చంపేస్తావురా? పైగా నేను నీకు ఈత నేర్పానా? గేదెల్ని కడగడానికి మోకాలు లోతు దాటి దిగినదాన్ని కాదు నేను."

వాడు నవ్వబోయి ఏడ్చాడు. తరవాత నన్ను పిలిచింది.

"అమ్మాయ్, వాళ్ల అమ్మమ్మని తెచ్చి నా మనవడి నెత్తిన పెట్టినవాడు ఇంకా అక్కడే ఉన్నాడా?"

"ఉన్నాడు."

"తిని పడుకుంటున్నాడా?"

"ఈత కూడా కొడుతున్నాడు."

"ఐతే నువ్వు చేసే పని నువ్వు చెయ్యి" అన్నది. అందుకని చేస్తున్నాను.

8. రుజువు ఏమున్నదని తమరు అడగవచ్చు. రుజువు తమరే. మేం కొత్తగా వచ్చినప్పుడు పెద్ద హాల్లో స్వాగత సభ జరిగింది. పెద్దన్న మైకు ముందు నిలబడి చెప్పాడు: చిన్నతనంలో తన అమ్మమ్మ తన నడుముకు తాడు కట్టి కాలవలోకి తోసిందని, గట్టు మీద నిలబడి "మునిగితే లాగుతాను, ఈదితే వదిలేస్తాను" అన్నదని, ఈ కోర్సు కూడా అలాంటిదేనని. తమరు నవ్వారు. అందరికంటే ముందు తమరే చప్పట్లు కొట్టారు. తమ పక్కన కూర్చున్నవాళ్లు, ఏటా ఈ కథ వింటున్నా బాగుంటుంది అన్నారు.

నా తమ్ముడి వ్యాసం ఆ మాటతోనే మొదలవుతుంది. విచారణ రోజు తమరి ముందు వ్యాసం లేదు, యంత్రం ఇచ్చిన రిపోర్టు మాత్రమే ఉన్నది. టీచరు ఈత నేర్పిన అమ్మమ్మ అని అడిగినా, తాడు మాట రానందున తమరికి తట్టి ఉండదు. టీచరు వ్యాసం చదివింది గాని ఈ ఏడే చేరినందున స్వాగత సభలో లేదు. చదివినవాళ్లు వినలేదు, విన్నవాళ్లు చదవలేదు. రెండూ తెలిసినవాడు అనువదిస్తున్నాడు.

మునిగితే లాగుతానని ఆ అమ్మమ్మ అన్నది. ఆవిడ మంచిదే అయి ఉంటుంది. మనవడు లాగలేదు. మునిగేవాడి నెత్తిన కాలు పెట్టి గట్టెక్కాడు. అన్నా, చదువు. నీ గొంతు బాగానే ఉంటుంది కదా మైకులో.

9. కావున తమరిని కోరుకొనేది:

(అ) నా తమ్ముడి విచారణ వాడు విమానాశ్రయం బస్సెక్కేలోపు మళ్లీ జరిపించవలెను.

(ఆ) ఈ అర్జీని పెద్దన్న చేతనే చదివించవలెను. జలుబు చేసిందంటే తగ్గేవరకు ఆగుతాను. ఇంకొకరిని పిలిపించవద్దు.

(ఇ) చదివేటప్పుడు ఆయన ముందు నీళ్ల గ్లాసు పెట్టించవద్దు. నా తమ్ముడికి పెట్టలేదు.

(ఈ) చదవడం అయ్యాక తమరు ఒకే ఒక్క ప్రశ్న అడగవలెను: నీకు ఈత ఎవరు నేర్పారు?

(ఉ) ఆయన్ని ఉద్యోగంలోంచి తీసెయ్యమని నేను అడగడం లేదు. పెళ్లాం పిల్లలు ఉన్నారన్నాడు. ఆ కుర్చీలోనే ఉంచండి. అయితే ఏటా స్వాగత సభలో కొత్త పిల్లల ముందు, ఆ కాలవ కథకు బదులు, ఆయన ఈ అర్జీని వినిపించవలెను. కాగితం చూడకుండా. ముక్క పోకుండా. మొదటి ఏడాది తడబడితే రెండో ఏటికి వస్తుంది. బట్టీ పట్టే పద్ధతి ఆయనకు తెలుసు.

పైన విన్నవించినది తమరు కళ్లతో కాక చెవులతో చిత్తగించవలెనని, చదివేవాడి ముఖం మాత్రం కళ్లతో చూడవలెనని ప్రార్థన.

ఇట్లు,
తమ విధేయురాలు,
విచారణ గదిలో తలుపు దగ్గర కుర్చీలో కూర్చున్న అమ్మాయి.

తా.క. ఈ కాగితం బుధవారం రాసి, సోమవారం ఇచ్చిన అర్జీకి జత చేస్తున్నాను.

అర్జీ ఇవ్వగానే గుమాస్తా ఆవిడ ముందుగా చూసి పెట్టుకోవడానికని ఒక నకలు పెద్దన్న టేబుల్ మీద పెట్టింది. ఆయన సెలవు పెట్టాడు. ఎప్పుడు వస్తాడని అడిగితే, తేదీ వెయ్యలేదు అన్నది. ఆయన లేనిదే తెలుగు అర్జీ మీద విచారణ జరగదట. విచారణ జరగలేదని నా తమ్ముడి గడువు ఆగదట. ఇక్కడి భాషలో మళ్లీ రాసిస్తే వచ్చే వారం చూస్తామన్నది. వచ్చే వారం చూడటానికి వాడు ఉండడు.

కనుక కోరిక (అ) నేనే కొట్టేశాను. మిగిలినవి అలాగే ఉన్నాయి. నా కోర్సు వేసవి దాకా ఉన్నది. రోజూ ఆఫీసుకు వచ్చి అడుగుతాను. ఆయన కనపడకపోతే ఈత కొలను దగ్గర చూస్తాను.

బస్టాండులో సంచి బస్సు కింది సామాన్ల అరలో పెట్టించాక నా తమ్ముడు అన్నాడు: "అక్కా, ఆ వ్యాసం ఇంకా బుర్రలోంచి పోవట్లేదే."

పెద్దన్న సోమవారం సాయంత్రం వెళ్లాడు. నా తమ్ముడు ఇవాళ పొద్దున మొదటి బస్సుకు వెళ్లాడు.