దారం డబ్బాలో గోలీలు

మంగళవారం, నారాయణపేట

మగ్గం నేసే నరసమ్మక్క మూత్రం పరీక్ష ప్లేటు ఈరోజు మా ల్యాబులో తెరిచాను. మందు అద్దిన కాగితం బిళ్లల చుట్టూ సూక్ష్మజీవులు చచ్చిపోవాలి. ఇవి బిళ్లల అంచుదాకా దర్జాగా పెరిగాయి. భయంకన్నా ఆశ్చర్యమే ఎక్కువైంది నాకు.

రిపోర్టుకు వచ్చినప్పుడు అడిగాను, "ఇంతకుముందు గోలీలు వేసుకున్నవా అక్కా?"

"మూత్రంల మంట తగ్గంగనే ఆపేస్త. మిగిలినయి దారం డబ్బాల పెడ్త. పక్క మగ్గం పద్మకు మంటైతే గవే ఇస్త."

ప్లేటు చూపించి, సగంలో మందు ఆపితే మిగిలిన సూక్ష్మజీవులు దానికి లొంగకుండా తయారవుతాయని చెప్పాను. చాలాసేపు వంగి చూసింది.

"గీ పురుగులు గింత తెలివి యాడ నేర్చినయి చెల్లె?"

నీ దారం డబ్బాలోనే అనబోయి ఆగిపోయాను. పోయిన నెల నాకు మంటొచ్చినప్పుడు డాక్టరమ్మ రాసిన గోలీల్లో నాలుగు నా హ్యాండ్‌బ్యాగులో ఉన్నాయి. ఎవరికైనా పనికొస్తాయని దాచాను.