గుడారంలో తెలుగు మాట

అత్తయ్యగారూ,

మీరు పోయి నేటికి ఏడాది. కలిదిండిలో మీ దగ్గర నేర్చుకున్న పురుడు పోసే పని పట్టుకుని, భూకంపం వచ్చిన నేపాల్‌కి సాయానికి వచ్చాను.

ఈ మధ్యాహ్నం గుడారంలో ఒకమ్మాయికి నొప్పులు. బిడ్డ కాళ్లు ముందొచ్చాయి. ఆసుపత్రికి వెళ్లే రోడ్డు తెగిపోయింది. కంగారుపడి బిడ్డను లాగబోయాను.

ఆ అమ్మాయి ఏదో అడిగింది. పక్కనున్న నేపాలీ నర్సు నాకు హిందీలో చెప్పింది. "‘లాగకమ్మా’ అంటే ఏమిటని అడుగుతోంది. మీ వెనక నిలబడ్డ పెద్దావిడ అదే మాట అంటోందట."

గుడారంలో మేం ముగ్గురమే. తెలుగు తెలిసింది నాకొక్కదానికే. ఆ మాట నేను అనలేదు.

చేతులు వెనక్కి తీసుకున్నాను. కాసేపటికి బిడ్డ తనంతట తనే జారి, కేరుమంది. ఆడపిల్లండీ.

బొడ్డు కోసేదాకా వెనక్కి తిరగలేదు. మీరు ఉండరేమోనని భయమేసింది.

మీ కోడలు