గట్టు కింద కడవలు

చైత్ర బహుళ తదియ, ఆదివారం

అరచేతులు మళ్లీ బొబ్బలెక్కాయి. ఎండలకు బావి లోతుకు పోయింది, తాడు ఎంత లాగినా తరగదు. మా కడవలు నిండాక, గట్టు కింద నిలబడ్డ వాడ ఆడవాళ్లకు పోశాను. వాళ్లు గట్టు ఎక్కరాదు, బొక్కెన ముట్టరాదు. ఎవరైనా చేది పోస్తేనే నీళ్లు. అత్తమ్మ పోయదు, నడుము నొప్పి అంటుంది. ఈ ఇంటి కోడలిగా నాకు దక్కిన పెత్తనం ఇదొక్కటే... నవ్వొస్తుంది.

మా చెరుకులో కలుపు తీసే లచ్చవ్వ, చంకలో బిడ్డ ఎల్లి. మూడేళ్లుంటాయేమో. నేను పోసే ధార కింద దోసిలి పట్టింది. నీళ్లు ముక్కులోకి పోయి తుమ్మింది. మళ్లీ పట్టింది. ఎంత ముద్దొచ్చిందో.

చవితి

నెలసరి. దొడ్డి గదిలో చేరాను. మూడు రోజులు బావి ముట్టకూడదు.

కిటికీలోంచి గట్టు కనిపిస్తుంది. కింద కడవలు వరుసగా ఉన్నాయి. మీరు పోయండి అని అత్తమ్మను బతిమాలాను.

"మూడొద్దులకు ఏమైతది? కాలువ నిండ పారుతలేదా?"

కాలువలో బర్రెలు పొర్లుతాయి. పై ఊళ్లో గత్తర తగిలి వాంతులు, విరేచనాలతో మనుషులు పోతున్నారని మొన్న ఆయనే చెప్పారు. అదీ గుర్తుచేశాను. అత్తమ్మ పప్పు చెరుగుతూనే ఉంది.

పంచమి

వాడ ఆడవాళ్లు పొద్దెక్కేదాకా నిలబడి కాలువ వైపు పోయారు. అందరికన్నా చివర లచ్చవ్వ.

సాయంత్రం మా చెరుకుకు తూము ఎత్తారట. నిజాంసాగర్ నీళ్లు మడి నిండా తళతళలాడుతున్నాయని ఆయన గడప అవతల నిలబడి సంబరంగా చెప్పారు. ఫ్యాక్టరీకి ఈసారి మన బండ్లే ముందు పోతాయట. చెరుకు దాహానికి ఎవరి ముట్టూ అడ్డం రాదు.

షష్ఠి

ఎల్లికి వాంతులు, విరేచనాలు. పాలేరు చెప్పి పోయాడు.

బావికి పోతే? మైలపడిందని బావి మూసేస్తారు. పంతులు వచ్చి శుద్ధి చేసేదాకా ఎవరికీ నీళ్లుండవు, వాడకు అసలే ఉండవు. ఇది నిజమేనా... లేక నా పిరికితనానికి నేను చెప్పుకుంటున్న సాకా?

లేచాను. గడప దాకా పోయాను. వచ్చి కూర్చున్నాను. కడుపు మండుతోంది, ఎవరి మీదో తెలియదు.

సప్తమి, గురువారం

తలస్నానం. తడి జుట్టుతోనే బావికి ఉరికాను. ఎవరూ అడగకముందే మొదటి బొక్కెన చేదాను.

లచ్చవ్వ వచ్చింది. చంక ఖాళీ. నిన్న పొద్దుగూకే వేళ పోయిందని పక్కామె మెల్లగా చెప్పింది.

నిండు బొక్కెనతో గట్టు దిగాను. కాపురానికి వచ్చి నాలుగేళ్లు, ఏనాడూ దిగలేదు. లచ్చవ్వ గబగబా వెనక్కి జరిగింది.

"దగ్గరికి రాకు దొరసాని. మా ఇంట్ల సావైంది, నీకు మైల తాకుతది. మల్ల నిన్ను బావికాడికి రానియ్యరు. మాకు నీళ్లెవరు పోస్తరు?"

గట్టెక్కి, ఎప్పటిలాగే పైనుంచి పోశాను. సగం నీళ్లు మట్టిలో పడ్డాయి. లచ్చవ్వ కడవను ధార కిందికి జరిపింది.

రేపు దిగాలా, వద్దా...