తెరుచుకోని బానెట్

ఆదివారం, రాత్రి

నా పేరు ఓబులమ్మ. డెబ్బై దాటాయి. జమ్మలమడుగులో కొడుకు, కోడలు, మనవరాలితో ఉంటాను. నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది.

పొద్దున మా కారు బానెట్ తెరుచుకోలేదు. ఎదుటి పార్టీవాళ్లు లోపల బాంబు పెట్టారని కొడుకు వేటకొడవలి తీసి వాళ్ల వీధికి బయలుదేరాడు. నేను వాణ్ణి వెనక్కి పిలిచి, కొడవలి లాక్కుని, బానెట్ మీద రెండు చేతులూ పెట్టి అదిమాను.

"లోపల కూర్చోని ఆ బానెట్ పిడి లాగురా."

"పేలితే ఎట్లమ్మా?"

"ముందు నేనే పోతా. లాగు."

కళ్లు మూసుకుని లాగాడు. టక్కుమని లేచింది. కోడలు దిష్టికి కట్టిన నిమ్మకాయ దారం కొక్కెంలో చిక్కుకుని ఉంది.

"ఇదేనా అప్పా నీ బాంబు?" అన్నాను. వీధంతా నవ్వింది.

ఇంకా నిద్ర పట్టడం లేదు, అంత సంతోషం. కొడవలి నా మంచం కింద ఉంది. రేపు అడుగుతాడు. ఇవ్వను.

ఓబులమ్మ వేలిముద్ర
చూసినవాళ్లు: కోడలు రమణమ్మ, మనవరాలు సుజాత