పెద్దాయన ఎదుట కూర్చున్న అమ్మాయి

వెంగళరావు నగర్,
ఆగస్టు 1995

చిరంజీవి సీతామహాలక్ష్మికి,

అన్నయ్య ఆశీస్సులు. ఇక్కడ నేనూ, మీ వదిన నాగేశ్వరీ, పిల్లలూ కులాసాగానే ఉన్నాం. అహ్మదాబాదు హాస్టల్లో రొట్టెలు తినలేక చిక్కిపోయానని రాశావు. మీ వదిన కందిపొడి కొడుతోంది, పార్సిల్ చేస్తాను.

కాలేజీకొచ్చిన కన్సల్టెన్సీ కంపెనీవాళ్ళు నిన్ను ఎంచుకున్నారనీ, ఏ పోస్టు ఉండాలో ఏది తీసేయాలో చెప్పే పని కాబట్టి భయంగా ఉందనీ, చేరనా వద్దా అనీ అడిగావు. అదేం ఉద్యోగమో మొన్నటిదాకా నాకూ తెలీదు. ఇప్పుడు బాగా తెలుసు. అలాంటివాళ్ళు జూబ్లీహిల్స్‌లో మా స్టూడియోకే వచ్చారు.

కారు దిగిన అమ్మాయిని చూసి మా గేటువాళ్ళు కొత్త హీరోయిన్ అనుకున్నారు. మేకప్ రూము తెరిచి, ఏసీ వేసి, కొబ్బరిబోండాం కొట్టించారు. వెనకే దిగిన వాళ్ళ పైఆఫీసరమ్మని హీరోయిన్ తల్లి అనుకుని ఆవిడకీ మర్యాదలు! నవ్వలేక చచ్చాం.

ఆ అమ్మాయి పేరు మంజులత. ఈ ఊరి పిల్లే, నీ ఈడుదే. మా ఓనరు పెద్దాయన ఎదుట ఎవరూ కూర్చోరు. నిర్మాతలు సైతం ఆయన చెయ్యి చూపిస్తేనే కూర్చుంటారు. ఈ పిల్ల కుర్చీ లాక్కుని కూర్చుంది! "ఈ పని ఇట్ల ఎందుకు చేస్తున్నరు సార్?" అని అడిగింది. నేను గోడకి అతుక్కుపోయాను. పెద్దాయన కోప్పడలేదమ్మా, ఆలోచించాడు. ఆలోచించి "తెలీదు" అన్నాడు. ఆయన నోట ఆ మాట వినడం అదే మొదలు.

నన్నూ అడిగింది. షూటింగుకి ఫ్లోరు కావలసిన నిర్మాత ముందు నా దగ్గరికి వస్తాడు. నేను సిద్ధాంతిగారిని ముహూర్తం అడిగి, పెద్దాయనకి చెప్పి, ఆఫీసుకి కబురు చేస్తాను. "ఆయన నేరుగ ఆఫీసుకే పోతే ఏమైతది అన్నా?" అంది. గొప్పగా నవ్వేశాను. ఇంటికొచ్చి కంచం ముందు కూర్చున్నా జవాబు దొరకలేదు. అబ్బ, ఏం తెలివి! అంత చురుకైన బుర్రని అంత దగ్గరగా నేనెప్పుడూ చూడలేదు.

ఇక దాచను. వాళ్ళు తీసేయమన్న పోస్టుల్లో నాదీ ఉంది. దసరా దాకానే నాకీ ఉద్యోగం. ఫిల్మ్‌నగర్‌లో ప్రొడక్షన్ ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నాను, ఇంకా ఏదీ తేలలేదు. అమ్మకి మాత్రం రాయకు.

ఆ సంగతి నాకు పెద్దాయన చెప్పలేదు సీతా. రిపోర్టు ఇచ్చేముందు ఆ పిల్లే వచ్చింది. జనరేటర్ షెడ్డు దగ్గర క్యారియర్ విప్పుకున్న నా పక్కన నేలమీదే కూర్చుంది. "అన్నా, మీ పోస్టు అక్కర్లేదని రాసిన. ఇంకొకరు చెప్తే మీరు వినొద్దని నేనే వచ్చిన" అంది. నేను తిట్టాను. అనకూడనివే అన్నాను. నా కోపం తీరేదాకా అక్కడే కూర్చుంది, కళ్ళు తుడుచుకుంటూ.

నువ్వు చేరు తల్లీ. భయపడేవాళ్ళే చేరాలి ఆ ఉద్యోగంలో. ఎవరి పోస్టయినా తీసేయాల్సొస్తే కబురు పంపకు, నువ్వే వెళ్ళి చెప్పు. అతను తిడితే మా అన్నయ్యే తిడుతున్నాడనుకో. లేచి రాకు.

ఇట్లు,
నిన్ను చూసి మురిసే అన్నయ్య,
అచ్యుతరామయ్య