సమ్మక్క చెప్పిన తాత

9 ఫిబ్రవరి 1986, ఆదివారం
ములకలపల్లి

ఇవాళ తాత సంవత్సరీకం. మిలిటరీ నుంచి వచ్చాక ఆయన ఖో-ఖో నేర్పిన ఆడపిల్లలంతా వచ్చారు. వాళ్లలో గూడెం నుంచి వచ్చిన సమ్మక్క అయితే మా నాన్నకంటే ఎక్కువ ఏడ్చింది. చూస్తుంటే నాకు ఒళ్లు మండింది. తాత నాకు కదా తాత!

భోజనాలయ్యాక వచ్చి నా పక్కనే కూర్చుంది.

"నాకు జరమొస్తే తాతనే సైకిల్ మీద దవాఖానాకు తీస్కపోయిండక్కా. నేను భయపడ్తున్ననని రాత్రంతా యుద్ధం ముచ్చట్లు చెప్పిండు. దోస్తు తన ఒళ్లనే పానం ఇడిసిండని చెప్పుకుంట ఏడ్చిండు."

తాత ఏడ్చాడా? యుద్ధం గురించి నేనెప్పుడు అడిగినా "గవన్నీ నీకెందుకు బిడ్డా, పోయి సదువుకో" అనేవాడు. ఇంటికొచ్చేసరికి ఆయన దగ్గర మాటలే మిగిలేవి కావు.

"ఇంట్ల తాత ఎట్లుండెటోడక్కా? నీకేంది, దినాం నీ కాడ్నే ఉండె," అంది సమ్మక్క ఆశగా.

"రోజూ నన్ను పక్కన కూసోబెట్టుకొని ముద్దలు కలిపి పెట్టేటోడు," అన్నాను.

ఆమె ముఖం చిన్నబోయింది. నాకు కడుపు చల్లబడింది.

తాత నాకు ఒక్క ముద్దయినా పెట్టిన గుర్తు లేదు.