బాపుకు రాని గొంగడి

దోహా

తమ్ముడు మల్లేశంకు అన్న రాజలింగం దీవించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నా ఒంట్లో బాగానే ఉంది. బాపు దగ్గు తగ్గిందా? అవ్వ, మరదలు, పిల్లలు ఎలా ఉన్నారో రాయి. నా గురించి బెంగ వద్దని అవ్వకు చెప్పు.

ఎండలు కొంచెం తగ్గాయి. పిల్లలను బడిలో దింపడం, మేడమ్‌ను బజారుకు తీసుకెళ్ళడం, కారు కడగడం, ఇదే డ్యూటీ. కడిగిన గంటకే మళ్ళీ దుమ్ము. తిండికి లోటు లేదు. మాట్లాడే మనిషి మాత్రం లేడు. వంట చేసే ఖాదర్ చాచా, నిజామాబాద్ ఆయన, ఇంటికి వెళ్ళిపోయాడు.

ఎన్నిసార్లు అడిగినా పంపని మా అర్బాబు, అదే యజమాని, మొన్న చుట్టాలందరి ముందు ఆయన చేతిలో పాస్‌పోర్టు పెట్టి, ఇక పిల్లల దగ్గర సుఖంగా ఉండు అన్నాడు. అందరూ మెచ్చుకున్నారు. మరునాడే కొత్త వంటవాడు దిగాడు. చాచాను ఎయిర్‌పోర్టుకు నేనే తీసుకెళ్ళాను.

"అర్బాబు మంచోడే గద చాచా" అన్నాను.

"మంచోడే బేటా. నా మోకాళ్ళు పోయినంక మంచోడైండు" అన్నాడు.

ఊళ్ళో దొర విగ్రహం పెడుతున్నారని, జీతగాళ్ళను విడిచిన మహానుభావుడని బాపు చేత దండ వేయించి మాట్లాడిస్తారని, ఆ నాలుగు మాటలు నన్ను రాసి పంపమని అడిగావు. రెండు శుక్రవారాలు కాగితం ముందు కూర్చున్నాను. రాలేదు.

నువ్వప్పుడు చిన్నవాడివి. తాత చేసిన అప్పు కింద బాపు దొర దగ్గర వెట్టి జీతం ఉన్నాడు. జీతగాడికి ఉగాదికి ఏడు మారుతుంది. ఆ రోజు కొత్త గొంగడి, చెప్పుల జత ఇవ్వాలి. దొర అందరినీ గడీ ముందుకు పిలిచి విడిచింది నూర్పిళ్ళు అయ్యాక, ఉగాదికి ముందు. అప్పటికే ట్రాక్టరు కొట్టంలో ఉంది. బాపు గొంగడి కోసం పోతే "జీతమే లేనోనికి గొంగడేందిరా" అన్నాడు. పక్కన నేనున్నాను. మరుసటి చలికాలం బాపు గోనెసంచి కప్పుకున్నాడు.

అయినా దొర విడవకపోతే నేను బడికి కాదు, బర్ల వెంట పోయేవాడిని. అదీ నిజమే. దయతో విడిచాడో, ట్రాక్టరు వచ్చిందని విడిచాడో పోయిన మనిషికే తెలియాలి. తెలియని మాట నేను రాసి బాపు నోట్లో పెట్టలేను.

సర్పంచు నీకు ఇంటి జాగా ఇప్పిస్తానన్నాడని రాశావు. ఇది చదివితే నీకు కోపం వస్తుందని తెలుసు. అయినా బాపునే అడుగు. దండ వేస్తానంటే వేయనీ. వద్దంటే దగ్గు తగ్గలేదని సర్పంచుకు చెప్పు. మైకు ముందు గొంగడి ముచ్చట ఎత్తుకుంటే మాత్రం ఆపకు.

చిన్నదాని ఫోటో ఒకటి పంపు. బాపుకు, అవ్వకు నా దండాలు. నన్ను దీవించమని చెప్పు. వాడకట్టులో పెద్దలందరినీ అడిగానని చెప్పు.

చాచా వెంట బాపుకు ఒక కంబళి పంపాను. నిజామాబాద్ పోయి తీసుకురా. సభకు కప్పుకోవడానికి కాదు, చలికి.

ఇట్లు
నీ అన్న
రాజలింగం